చిన్నోడికి అమ్మ రాసేది

నాన్నా చిన్నోడా,

ఎట్టా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వానకి వంటింటి మూల మళ్ళీ కారతా ఉంది, మేస్త్రీని పిలిస్తే శనివారం వస్తానన్నాడు. చిట్టికి నెల తప్పింది, ఇంకా ఎవరికీ చెప్పొద్దంది, నువ్వూ చెప్పకు. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా పనిలో ఉన్నానమ్మా అని పెట్టేస్తావు, ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు, అందుకే ఇట్టా రాస్తున్నా. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

మొన్న సుజాతక్క పచ్చడి జాడీ ఇవ్వడానికొచ్చి మాటల్లో మాటగా అంది, రమణ వాళ్ళమ్మాయి ఫంక్షన్లో బుడ్డోడి చొక్కా గుండీలు పెట్టలేక తంటాలు పడి ఆఖరికి శిరీషని పిలిచావంట, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నావంట. పని ఎక్కువై అలిసిపోయినట్టున్నాడు పాపం అంది. ఆమెకేం తెలుసు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిరపకాయలు ఆరినయ్, కారం పట్టించి పంపుతా. ఈసారి మామిడి కాపు లేదు. మీ నాన్న బాగానే తింటున్నాడు.

నువ్వు ఐటీఐ హాస్టల్లో ఉన్నప్పుడు మీ నాన్నకి మెడ ఆపరేషన్ అయిందని నీకు తెలుసు, దానికి ముందు రెండేళ్ళు ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు, చదువు పాడవుద్దని. ఇప్పుడు చెప్తా విను. మొదట పోయింది ముద్ద. పప్పన్నం కలిపి ముద్ద చేస్తే నోటి దాకా పోయేలోపు వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. అన్నం మెత్తగా అవుతుందేమోనని నేను ఎసరు తగ్గించా. తర్వాత బ్యాంకులో సంతకం కలవలేదని కాగితం వెనక్కిచ్చారు. తర్వాత చెప్పు. నడుస్తా నడుస్తా ఎడమకాలి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేవాడు. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే తూలేవాడు. నొప్పుందా అంటే లేదనేవాడు, అక్కడే మోసపోయాం నాన్నా. మెడ నొప్పి అనుంటే మెడే చూపించేవాళ్ళం. ఒక డాక్టరు షుగర్ వల్ల నరాలన్నాడు, ఇంకొకాయన మణికట్టు దగ్గర నరం నలిగిందని చేతికి పట్టీ వేశాడు, బి12 సూదులు కూడా వేయించాం. మధ్యలో ఏడెనిమిది నెలలు ఏమీ పెరగలేదు, తగ్గిందని పోలేరమ్మకి పొంగలి కూడా పెట్టా. తగ్గలేదు, ఆగింది అంతే. మెడలో వెన్నుపాము నలిగే ఈ జబ్బు మెట్లు దిగినట్టు దిగుద్ది, ఒక మెట్టు మీద నెలలు నెలలు కూర్చుంటది, అప్పుడు ఏదన్నా కుదుపు తగిలితే టక్కున కింద మెట్టు మీదకి పోద్ది. అందరికీ ఒకేలా ఉండదు, మీ నాన్నకి మాత్రం అట్టాగే అయింది.

మంగలి దగ్గర తల మర్దనా చేయించుకుని మెడ విరిపించుకునేవాడు కదా, ఒకసారి అట్టా విరిపించుకుని వచ్చినకాడి నుంచి తల వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు ఉంటుందన్నాడు. ఆ తర్వాత నెలకో ఏమో, పొదిలి రోడ్డు మీద గేదె అడ్డమొచ్చి టీవీఎస్ మీద నుంచి పడ్డాడు, గడ్డం నేలకి కొట్టుకుని తల వెనక్కి వంగింది. ఒక్క ఎముక విరగలేదు, కాళ్ళు కదులుతున్నయ్, చేతులు రెండూ మాత్రం లేవలేదు. మీ మామయ్యా నేనూ కార్లో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోయాం, దారంతా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది, నేను పట్టుకున్నట్టు కూడా ఆయనకి తెలియదు.

అక్కడ డాక్టరు ఎమ్మారై చూసి మొట్టమొదట అడిగింది, మీరు ఏ ఊరోళ్ళు, చిన్నప్పటి నుంచి ఏం నీళ్ళు తాగారు అని. నీ పని భాషలో చెప్తా. పైపులో వైరు లాగినట్టు వెన్నుపూసల్లో వెన్నుపాము ఉంటది. మెడ దగ్గర ఆ పైపు 17 మిల్లీమీటర్ల దాకా ఉండాలంట, 13 లోపైతే ఇరుకు కింద లెక్క. మీ నాన్నకి పుట్టుకతోనే ఇరుకు. దానికి తోడు వయసుతో ఎముకల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు ఉబ్బి, ఎముక ముళ్ళు పెరిగి, ఎముకల్ని కట్టి ఉంచే వెనక లిగమెంట్ మందమయింది. తల వెనక్కి వంచితే ఆ లిగమెంట్ ముడతపడి లోపలికి వస్తదంట, ముందుకి వంచితే వైరు సాగి ఎముక ముళ్ళకి ఒరుసుకుంటదంట. నలిగిన చోటికి రక్తం కూడా సరిగా అందదు. ఇంకోటి మన బోరు నీళ్ళు. కనిగిరి, దర్శి, పొదిలి వైపు ఫ్లోరైడ్ సంగతి 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారంట, లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడి వెన్నుపాముని నొక్కుతయ్యంట. నువ్వూ పదో తరగతి దాకా ఆ నీళ్ళే తాగావు నాన్నా. మీ నాన్న ఎముకలే నీకొచ్చినయ్. ఆ గుండీల మాట వినగానే నాకు గుర్తొచ్చింది అదే.

తిట్టకూడదనే మొదలుపెట్టా. కానీ రోజంతా నిచ్చెన మీద తల వెనక్కేసి ఏసీలు బిగిస్తావు, గోడకి డ్రిల్ కొడతావు, గుంతల్లో బండి మీద పోతావు, సిగరెట్టు మానలేదని శిరీష చెప్పింది, దాన్ని ఏమీ అనకు, నేను గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పింది. సిగరెట్టు డిస్కుల్ని ఎండగడతది, ఆపరేషన్ చేసినా కోలుకోవడాన్ని వెనక్కి లాగుద్ది. మెడ విరిపించుకోకు, ఎవరు ఎంత హాయిగా ఉంటదన్నా సరే. కూకట్‌పల్లిలో ఎవరో మసాజ్ చేసి నయం చేస్తారని మీ రమణ అన్నాడంట, పోకు.

ఆపరేషన్ అంటారని భయపడి దాక్కుంటున్నావా? ఎమ్మారైలో నొక్కుడు కనపడిన వాళ్ళందరికీ కత్తి పెట్టరు నాన్నా. నలభై దాటినోళ్ళలో చాలామందికి ఏదో ఒక నొక్కుడు ఉంటది, ఏ ఇబ్బందీ లేకపోతే ఊరికే గమనిస్తారు. తక్కువగా ఉంటే వ్యాయామం చేయించి మధ్య మధ్యలో పరీక్ష చేసి చూస్తారు. చెయ్యి మొద్దుబారి, నడక తేడా వచ్చి, అది ఎక్కువగా ఉన్నా, పెరుగుతున్నా అప్పుడు ఆపరేషన్ మాట. మీ నాన్నకి వెనక నుంచి ఎముక తీసి దారి వెడల్పు చేశారు. ఉన్నది నిలబెట్టడానికే ఇది, పోయిందాంట్లో ఎంత వస్తదో చెప్పలేమన్నాడు డాక్టరు, ఎంత ఆలస్యమైతే అంత తక్కువన్నాడు. కాళ్ళు వచ్చినయ్, కర్రతో నడుస్తున్నాడు. వేళ్ళు రాలేదు. సంక్రాంతికి నువ్వు కొన్న చొక్కా వేసుకోలేదని అలిగావే, గుండీలు ఎక్కువున్నయ్యని వేసుకోలేదు. ఇన్నేళ్ళుగా ఆయన గుండీలు నేనే పెడుతున్నా. నీ ముందు పెట్టించుకోవడం ఆయనకి ఇష్టం లేక నువ్వొచ్చినప్పుడల్లా బనీనుతోనే కూర్చుంటాడు. మీ నాన్న లాగా నువ్వు కూడా ఆలస్యం చెయ్యకు.

ఇప్పుడే ఒక పని చెయ్యి. గడియారం చూస్తా పది సెకన్లలో పిడికిలి పూర్తిగా మూసి తెరువు, ఇరవై సార్లన్నా రావాలి. తర్వాత మడమకి వేళ్ళు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వెయ్యి, శిరీషని పక్కన ఉండమను. ఒంటేలు ఆపుకోలేకపోవడం లాంటిది ఉంటే సిగ్గుపడకుండా ఆ రోజే చెప్పు. రెండూ బాగా వచ్చినా సరే, ఒకసారి నరాల డాక్టరుకి చూపించుకో, నిమ్స్ మీకు దగ్గరే. చేతులు తిమ్మిరి అని ఊరుకోకుండా గుండీల సంగతి, మెట్ల సంగతి, మీ నాన్న సంగతి, మన నీళ్ళ సంగతి, అన్నీ చెప్పు. మీ నాన్న పాత ఫిల్ములు బీరువాలో నుంచి తీసి పెట్టా.

బుధవారం రాత్రి బస్సుకి టికెట్ తీయించా, గురువారం పొద్దున దిగుతా. ఫిల్ములు, కారం, సున్నుండలు తెస్తున్నా. స్టేషన్‌కి బండి మీద రాకు, ఆటోలో వస్తాలే. నేనొచ్చేదాకా నిచ్చెన ఎక్కకు, కుర్రాళ్ళని ఎక్కించు. ఈ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తా, చొక్కా వేసుకుని గుండీలు విప్పి కూర్చో, నా ముందు పెట్టుకో.

అమ్మ