18 మంది సైనికులకు తలలు రాలేదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం.

మీ దగ్గర కొన్న 28 మిల్లీమీటర్ల నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ సైనికుల ప్లాస్టిక్ బొమ్మల కిట్ గురించి ఇది నా రెండో ఉత్తరం. మొదటిదానికి మీరిచ్చిన రెండు లైన్ల జవాబు చూశాక ఈసారి కాస్త వివరంగా రాయక తప్పడం లేదు.

ఒకేసారి రెండు పెట్టెలు తీసుకున్నాను. పెట్టెకు 18 మంది, మొత్తం 36. 1808 తర్వాత ఫ్రెంచ్ బెటాలియన్‌కు ఆరు కంపెనీలు, అంటే ఆరు చిన్న దళాలు, కాబట్టి కంపెనీకి ఆరుగురు చొప్పున లెక్క భలే కుదిరింది. మొదటి పెట్టెతో గ్రెనేడియర్లు (మేటి సైనికులు) ఒక కంపెనీ, ఫ్యూజిలియర్లు (మామూలు సైనికులు) రెండు కంపెనీలు పూర్తి చేశాను. ఐదు నెలలు పట్టింది. పట్టదా మరి? ఒక్కో బొమ్మ మీద అచ్చు గీతను బ్లేడుతో గీకాలి, గమ్ ఆరాలి, ప్రైమర్ ఆరాలి. ఛాతీ మీద అడ్డంగా వెళ్లే తెల్ల బెల్టుకు రంగు పలచగా రెండు మూడు సార్లు వేయాలి. తొందరపడి ఒకేసారి దట్టంగా పూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది. అంతా అయ్యాక చెయ్యి వణికి నీలం కోటు మీద తెల్ల చుక్క పడితే మళ్లీ నీలం.

ఆ తర్వాతే రెండో పెట్టె విప్పాను. కవర్లోంచి చూస్తే విడి భాగాలు అతుక్కుని ఉండే చిన్న ప్లాస్టిక్ ఫ్రేములు రెండు కనిపించాయి, ఒకటి చేతులది, ఒకటి తలలది అనుకున్నాను. తీరా చూస్తే రెండూ చేతులవే. 18 మందికి 36 జతల చేతులు, తల మాత్రం ఒక్కటీ లేదు!

మీ జవాబులో మొదటి మాట, కొన్న 30 రోజులు దాటిపోయాయని. పెట్టె నలిగిందంటే ఆ గడువు సబబే. కానీ లోపల పెట్టాల్సిన ఫ్రేము మీరు పెట్టలేదు. దానికి నేను రంగులు వేసే వేగంతో సంబంధం ఏమిటి? ఈ హాబీలో ఉన్నవాళ్ల అల్మరా ఒకసారి చూడండి, విప్పని పెట్టెలు ఎన్ని ఉంటాయో! వాటిని మాకు అమ్మింది మీరే కదా.

రెండో మాట ఇంకా విచిత్రం. మీ 1805 కిట్ విడిగా కొని, అందులోని తలలు వాడుకోమన్నారు. ఆ తలలకు ఉన్నవి బైకార్న్ టోపీలు, అంటే రెండు కొనలుండే వెడల్పు టోపీలు. ఫ్రెంచ్ లైన్ సైన్యానికి, అంటే మామూలు పదాతి దళానికి, 1806లోనే షాకో అనే గొట్టంలాంటి ఎత్తు టోపీ వచ్చింది. నా దగ్గరున్న మొండేలకేమో 1812 నిబంధనల ప్రకారం నడుము దాకా మూసుకునే పొట్టి కోటు. ఆ తల ఈ మొండెం మీద పెడితే 1805 నాటి ఆస్టర్లిట్జ్ యుద్ధం టోపీ పెట్టుకుని 1815 నాటి వాటర్లూ యుద్ధానికి వచ్చినట్టుంటుంది. ఎవరూ పట్టించుకోరు అనుకుంటారేమో. ఈ బొమ్మలతో యుద్ధం ఆట ఆడేటప్పుడు బల్ల అవతల కూర్చునేవాడు ముందు చూసేది అదే.

పైగా ఫ్యూజిలియర్ల కంపెనీ ఏదో తెలిసేది షాకో మీది పాంపాన్ (చిన్న కుచ్చు) రంగును బట్టే. మొదటిదానికి ముదురు ఆకుపచ్చ, రెండోదానికి లేత నీలం, మూడోదానికి నారింజ, నాలుగోదానికి ఊదా. తలలు లేకపోతే నా మూడో కంపెనీ ఏదో, నాలుగో కంపెనీ ఏదో నాకే తెలియదు.

డబ్బు వాపసు వద్దు. కొత్త పెట్టె కూడా వద్దు, అందులోనూ ఏ ఫ్రేము వస్తుందో అని మళ్లీ టెన్షన్. షాకో తలల ఫ్రేము ఒక్కటి పంపండి, మామూలు కవర్లో పట్టేస్తుంది. ఎక్కువగా వచ్చిన చేతుల ఫ్రేము కావాలంటే తిరిగి పంపిస్తాను.

రెండు చేతుల ఫ్రేములను పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో, బిల్లు జత చేశాను. ఈలోపు మొండేలకు కోట్లు వేస్తూ ఉంటాను. మెడ దగ్గర మాత్రం రంగు వేయడం లేదు, తల అతకాలి కదా.

ఇట్లు,
మీ కస్టమర్