ద్యాత్లోవ్ కనుమ కేసు: ఆ పక్కటెముకలు ఎక్కడ విరిగాయి?

రష్యా ప్రాసిక్యూటర్ జనరల్ గారికి,

నమస్కారం. నేను వైద్య విద్యార్థులకు ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాలు చెబుతాను. 1959 ఫిబ్రవరి మొదట్లో ఉరల్ కొండల్లో గుడారం వదిలి వెళ్లి చనిపోయిన, ద్యాత్లోవ్ బృందంలోని తొమ్మిది మంది స్కీ యాత్రికుల గురించి మా పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. యూట్యూబ్ పుణ్యమా అని వాళ్లకు ముందు తెలిసేది నాలుక లేని శవం సంగతే.

ఆ నాలుకలో పెద్ద మిస్టరీ ఏమీ లేదు. దానితో కలిపి నలుగురి శవాలు వాగులో, మంచు కింద మే నెల దాకా ఉండిపోయాయి. పారే నీళ్లలో నెలల తరబడి నానితే ముందు పోయేవి కళ్లు, నాలుక వంటి మెత్తని భాగాలే.

నన్ను ఆపేసేది ఆ నాలుక లేని అమ్మాయి, ద్యుబినినా ఛాతీ. ఎడమ వైపు 2 నుంచి 7 వరకు, కుడి వైపు 2 నుంచి 5 వరకు పక్కటెముకలు విరిగాయి. గుండె కుడి జఠరిక (కింది గది) కండరంలో 4x4 సెంటీమీటర్ల మేర రక్తం ఇంకింది. అంటే దెబ్బ తగిలేటప్పటికి ఆమె బతికే ఉంది. దాడి అనుకోవడానికి పైచర్మం మీద దానికి తగ్గ గాయం లేదు. కర్రతోనో తుపాకీ మడమతోనో కొడితే అలా ఉండదు. వెడల్పాటి బరువు ఒక్కసారిగా నొక్కితేనే ఇలా విరుగుతాయి. పోస్టుమార్టం చేసిన డాక్టర్ వొజ్రోజ్డెన్నీ ఆ బలాన్ని వేగంగా వచ్చిన కారు దెబ్బతో పోల్చాడు. ఆమె 10 నుంచి 20 నిమిషాలు బతికి ఉండొచ్చని, అదే వాగులో దొరికిన, కపాలం లోపలికి నొక్కుకుపోయిన తిబో-బ్రిన్యోల్ వెంటనే స్పృహ కోల్పోయి ఉంటాడని కూడా చెప్పాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొండ మీది నుంచి మంచు విరిగిపడడమే కారణమని 2020లో మీ అధికారులు ప్రకటించారు. పలకలా జారిన మంచు గుడారంలో పడుకున్న వాళ్ల ఎముకలు విరగ్గొట్టగలదని 2021లో గోమ్, పుజ్రిన్ అనే పరిశోధకులు లెక్క కట్టి చూపించారు. బాగానే ఉంది. కానీ గాయాలు గుడారంలోనే అయితే, స్పృహ లేని మనిషి, 20 నిమిషాల ఆయుష్షున్న అమ్మాయి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని వాగు దాకా ఎలా చేరారు? ఎవరినో ఈడ్చుకెళ్లినట్టు కాదు, మామూలుగా నడిచినట్టు ఉన్న అడుగుజాడలనే అప్పట్లో వెతికినవాళ్లు చూశారు. నా లెక్కలో ఆ గాయాలు వాగు దగ్గరవే: మంచులో తవ్వుకున్న గుంట కూలి, పైనున్న మంచు మీద పడి ఉంటుంది. అప్పుడు డాక్టర్ చెప్పిన నిమిషాలకూ అడుగుజాడలకూ గొడవ ఉండదు.

ఇది నా అభిప్రాయం. తప్పని తేల్చడానికైనా కాగితాలు కావాలి కదా. 2020 నిర్ణయానికి ఆధారమైన వైద్య నిపుణుల అభిప్రాయాన్ని ఒక్క పేజీ కూడా తీసేయకుండా ప్రచురించండి. ముగ్గురి (ఈ ఇద్దరు, వాళ్లతో దొరికిన జొలొతర్యోవ్) ఎముకల గాయాల గురించి, ఏది ఎక్కడ, ఎంత బరువు కింద విరిగిందని మీ నిపుణులు అనుకున్నారో విడివిడిగా చెప్పండి. చనిపోయినవాళ్ల బంధువులకు ఆ కాపీ ముందు పంపండి, మాకు తర్వాత ఇచ్చినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక ఫోరెన్సిక్ మెడిసిన్ అధ్యాపకుడు, విశాఖపట్నం