ఆఫ్రికా పల్లెల్లో సేవ: పంచిన లెక్కలతో సరిపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో, మన ప్రాంతపు క్రైస్తవ విశ్వాసులు కొందరు ఆఫ్రికా వెళ్లి ఒక పల్లెకు సాయం చేసి వచ్చిన వార్తను ఫొటోలతో సహా ప్రచురించారు. చందాలు పోగుచేసుకుని, ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని అంత దూరం వెళ్లినవారి మనసు మంచిదే, వారిపై నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా మీరు ఆ వార్త రాసిన తీరు మీదే. ఎన్ని బియ్యం బస్తాలు పంచారో, ఎన్ని బట్టల మూటలు ఇచ్చారో, వేయించిన బోరింగు పక్కన శిలాఫలకంపై ఎవరెవరి పేర్లు చెక్కించారో అన్నీ రాశారు. ఆ ఊరి పేరు మాత్రం రాయలేదు, దేశం పేరూ రాయలేదు. ‘ఆఫ్రికా దేశంలోని మారుమూల గ్రామం’ అని తేల్చేశారు. 54 దేశాలున్న ఖండాన్ని ఒక్క దేశం చేసేసిన వాక్యం ఇంతమంది ఉపసంపాదకుల చేతుల మీదుగా ఎలా దాటి వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు. వార్తలు దిద్దేవారే లేకుండా పోయారా?

నేను ముప్పై ఏళ్లు వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేశాను. అలాంటి వార్త చదివినప్పుడు నాకు ముందుగా వచ్చే సందేహాలు ఇవి: ఆ ఊళ్లో ఏం పండిస్తారు? వాన ఎన్ని నెలలు? ఆ బోరింగు వాషరు అరిగితే మార్చగలిగిన మనిషి ఊళ్లో ఉన్నాడా, ఆ వాషరు ఏ సంతలో దొరుకుతుంది? సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో వేసిన చేతిపంపుల్లో సుమారు మూడోవంతు పనిచేయడం లేదని గ్రామీణ నీటి సరఫరా నిపుణులు 2009లోనే అంచనా వేశారు. పంపు వేయించడం పనిలో సగమే. ఆ రెండో సగం గురించి మీ విలేఖరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

క్రైస్తవ మిషన్ పని ఆఫ్రికా పల్లెలను నిజంగా వాటి కాళ్లపై నిలబెట్టిన ఉదాహరణ ఒకటి ఉంది. మన పత్రికల్లో దాని ప్రస్తావన నేను చూడలేదు గనుక ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నైజీరియాకు ఉత్తరాన, సహారా ఎడారి అంచున నైజర్ అనే దేశం ఉంది. దాని దక్షిణాన మరాడి ప్రాంతం. అక్కడి హౌసా రైతులు మన మెట్టపొలాల్లో లాగే సజ్జ, జొన్న పండిస్తారు. వారిలో దాదాపు అందరూ ముస్లిములే. పూర్వం సూడాన్ ఇంటీరియర్ మిషన్ అని పిలిచిన ‘సిమ్’ సంస్థ తరఫున టోనీ రినౌడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు 1980ల మొదట్లో అక్కడికి వెళ్లాడు. అప్పటికి ఆ నేలలో చెట్టన్నది దాదాపు మిగల్లేదు. విత్తు వేస్తే ఇసుకగాలికి మొలక కప్పుకుపోయేది. రైతులు ఒక్క సీజనులో రెండు మూడుసార్లు విత్తుకునేవారు.

ఆయన మొదట చేసిన పని మనవాళ్లందరూ చేసేదే. మొక్కలు పెంచి, ట్రైలరులో తీసుకెళ్లి, ఊరూరా నాటించాడు. వాటిలో అత్యధికం చచ్చిపోయాయి. 1983లో ఒకరోజు ఇసుకదారిలో బండి టైర్లలో గాలి తగ్గించడానికి దిగినప్పుడు, పక్కనున్న పొదలాంటి దాని ఆకును దగ్గరగా చూశాడు. అది పొద కాదు, ఎప్పుడో నరికేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన చిగురు. అంటే ఆ బీళ్ల కింద వేళ్లు బతికే ఉన్నాయి, పైన నరుకుడు ఆగక చెట్లు లేవలేకపోతున్నాయి. మోడుకు వచ్చిన పిలకల్లో బలమైనవి నాలుగైదు ఉంచి, మిగిలినవి కోసేసి, ఉంచినవాటి పక్కకొమ్మలు తీసేస్తే రెండు మూడేళ్లలో చెట్టవుతుంది. జామాయిల్ తోట నరికాక పిలకలు ఏరడం తెలిసిన ప్రకాశం జిల్లా రైతుకు ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. దీనికి కత్తి ఒక్కటి చాలు. నర్సరీ, నీళ్ల ట్యాంకరు, విదేశీ చందా ఏదీ అక్కర్లేదు.

అయినా అది అంత తేలిగ్గా సాగలేదు. పొలంలో చెట్లుంచమన్నందుకు ఆయనను పిచ్చివాడన్నారు. మొదట ఒప్పుకున్నది పది పన్నెండు మంది రైతులే. 1984-85 కరువులో పనికి ఆహారం పద్ధతిలో ధాన్యం ఇచ్చి చాలా ఊళ్లలో ఈ పని చేయించారు. కరువు తీరగానే ఎంతోమంది ఆ చెట్లను మళ్లీ నరికేశారు. మిగిలినవారి పొలాల్లో పంట మెరుగవడం చూశాకే ఇరుగుపొరుగు దారికొచ్చారు. దీనికి తోడు, వలసపాలన నాటి చట్టం ప్రకారం రైతు పొలంలోని చెట్టు కూడా సర్కారుదే, నరికితే జరిమానా. తనది కాని చెట్టును ఎవడు కాపాడతాడు? చెట్టు కాపాడిన రైతుకే దక్కేలా జరిమానాల్ని పక్కనపెట్టమని మిషన్ వాళ్లు స్థానిక అటవీ అధికారులను ఒప్పించారు. నా దృష్టిలో వాళ్లు చేసిన అతి పెద్ద సేవ ఇదే.

ఆ తర్వాత మిషన్ మనుషులు అడుగుపెట్టని ఊళ్లకు కూడా ఈ పద్ధతి రైతు నుంచి రైతుకు పాకింది. రినౌడో 1999లో ఆ దేశం విడిచి వచ్చేశాడు. చెట్లు ఆగలేదు. 2000ల మధ్యలో పరిశోధకులు క్రిస్ రైజ్, గ్రే టాపన్ ఉపగ్రహ చిత్రాలు పరిశీలిస్తే మరాడి, జిందేర్ ప్రాంతాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో, అంటే మన లెక్కలో కోటీ పాతిక లక్షల ఎకరాల్లో, దాదాపు 20 కోట్ల చెట్లు లేచినట్టు తేలింది. వాటిలో ‘గావో’ అని మన తుమ్మకు దగ్గరి చెట్టొకటి ఉంది. అది వానాకాలంలో ఆకు రాల్చి, నేలకు నత్రజని ఇచ్చి, పైరుకు నీడ అడ్డం లేకుండా నిలబడుతుంది. ఆడవాళ్లకు కట్టెల కోసం మైళ్ల నడక తగ్గింది, కొమ్మలు అమ్ముకుంటే చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. నైజర్ ఇప్పటికీ నిరుపేద దేశమే, ఆకలి పోయిందని నేను చెప్పడం లేదు. కానీ ఆ చెట్లు ఆ రైతులవి. 2018లో రినౌడోకు ‘ప్రత్యామ్నాయ నోబెల్’ అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది.

మన దగ్గర అధికారులు చేసేదేమిటి? మా మండలంలో ఏటా వానాకాలం రాగానే పోయినేడు తీసిన గుంతల్లోనే మళ్లీ మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు. నాటినవాటిలో ఎన్ని బతికాయో చెప్పమని నేను రెండుసార్లు లిఖితపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. నాటిన లెక్కను మాత్రం మీ పత్రికే ఏటా పెద్ద అక్షరాలతో వేస్తుంది. ఆఫ్రికా వార్తలో బస్తాల లెక్క వేసిన అలవాటు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఒంగోలు పత్రికకు ఈ విషయం ఒకరు చెప్పాల్సి రావడం నాకు మరీ కష్టంగా ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి పని చూపించాడు. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఇక్కడి తెలుగు బాప్టిస్టులే 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, అక్కడి తెలుగు కూలీల మధ్య పనిచేయడానికి పంపారు. ఆఫ్రికాతో మన సంఘాల బంధం నిన్న మొన్నటిది కాదు, అక్కడి మనుషులను దానం పుచ్చుకునే చేతులుగా మాత్రమే చూపించే హక్కు మనకు లేదు.

కనుక ఆ బృందాన్ని మీ విలేఖరి మరోసారి కలవాలని కోరుతున్నాను. ఆ దేశం పేరు, ఊరి పేరు, అక్కడి రైతులు వేసే పంట, బోరింగు బాగుచేయడం నేర్చుకున్న స్థానికులు ఎందరో అడిగి ప్రచురించండి. వచ్చే ఏడాది ఇదే నెలలో ఫోన్ చేసి, ఆ పంపులో నీళ్లు వస్తున్నాయో లేదో అదే పేజీలో రాయండి.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
ఒంగోలు.