నీరు తిన్న పద్దు: మన భవన నిర్వహణ కమిటీ ఏడాది జమా ఖర్చుల వివరణ

ఫ్లాటు యజమానులకు, అద్దెకుంటున్న కుటుంబాలకు నమస్కారం.

ఆడిటరు సంతకం చేసిన లెక్కల పట్టికను నోటీసు బోర్డులో పెట్టాం. అందులో అంకెలన్నీ ఉన్నాయి. ఏ అంకె ఎందుకంత అయిందో మాత్రం పట్టిక చెప్పదు. నిరుడు పట్టిక చూసినవారిలో చాలామంది జీతాల పద్దు దగ్గరే ఆగిపోయి, డబ్బంతా కాపలావారికీ ఊడ్చేవారికీ పోతోందని తేల్చేశారు. ఈసారి పద్దులను మరో విధంగా కలిపి చూశాం. ఫలితం మేమూ ఊహించలేదు. పోల్చుకోవడానికి వీలుగా, ఏడాదిలో వసూలైన మొత్తాన్ని 100 అనుకుని చెబుతున్నాం.

ముందు జమ. నెలనెలా కట్టే నిర్వహణ రుసుము ద్వారా 78 వచ్చింది. పైకప్పు మరమ్మతు కోసం సర్వసభ్య సమావేశం ఒప్పుకున్న ప్రత్యేక వసూలు 14. పాత బకాయిల వసూలు 5, సమావేశ మందిరం అద్దె 2, బ్యాంకు వడ్డీ 1.

ఖర్చు 96. జీతాలకు 31, పైకప్పుకు 17, ఉమ్మడి కరెంటుకు 15, రిజర్వు నిధికి (ముందుముందు పెద్ద మార్పిడులకు దాచే సొమ్ము) 10, పంపులు, గొట్టాలు, ట్యాంకులకు 9, లిఫ్టులకు 8, బీమాకు 3, మంటలార్పే పరికరాలకు 2, ఆడిట్, స్టేషనరీ వగైరాలకు 1. చేతిలో మిగిలింది 4. ఆ 4 కూడా పూర్తిగా మనది కాదు, ఎందుకో కింద చెబుతాం.

కరెంటు పద్దు 15లో 6 ఒక్క నీటి పంపులదే. పంపులకు విడిగా మీటరు పెట్టించాక ఇది తెలిసింది. దానికి పైకప్పు 17, గొట్టాల 9 కలపండి. 32 అవుతుంది. అంటే జీతాలకన్నా నీటికే ఎక్కువ ఖర్చయింది. అదీ నీటిని కొన్నందుకు కాదు. రావలసిన చోటికి రప్పించడానికి, రాకూడని చోటికి రాకుండా ఆపడానికి.

పైకప్పు సంగతి. మూడు కొటేషన్లు తీసుకున్నాం. అన్నిటికన్నా తక్కువ కోట్ చేసిన వారికి పని ఎందుకు ఇవ్వలేదని నలుగురు రాతపూర్వకంగా అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ కొటేషన్‌లో పని వివరం ఒకే వాక్యం: పాత పొర మీద కొత్త పొర వేస్తాం. పాత నీటి నిరోధక పొర అప్పటికే బుడగలు లేచి ఉంది. ఊడిపోతున్న దాని మీద ఎంత మంచి పొర వేసినా దానితోపాటే ఊడుతుంది. మధ్య కొటేషన్ ఇచ్చినవారు పాతదంతా శ్లాబు వరకు తొలగిస్తామని, నీరు నిలిచే మూలల్లో వాలు సరిచేస్తామని, వాన గొట్టాల మూతుల దగ్గర అతుకులు మళ్ళీ వేస్తామని, చివర 48 గంటలు నీరు నిలిపి చూపిస్తామని కొలతలతో సహా రాశారు. పని వారికే ఇచ్చాం. అందరికన్నా ఎక్కువ అడిగినవారి హామీ కాలం పెద్దదే, కానీ కింది పని వివరం రెండో వారిదానికి ఏమీ మించి లేదు. హామీ పత్రం పైకప్పుకు అడ్డం పెట్టడానికి పనికిరాదు కదా.

ఇక్కడ మా తప్పొకటి చెప్పాలి. మూడేళ్ళ క్రితం పై అంతస్తులో మొదటి తడి మరక కనిపించినప్పుడు సున్నం వేయించి ఊరుకున్నాం. ఆ మూడేళ్ళూ నెల రుసుము పెంచలేదని సమావేశాల్లో మమ్మల్ని మెచ్చుకున్నారు, మేమూ మురిసిపోయాం. ఈలోగా నీరు శ్లాబులోని ఇనుప చువ్వలను చేరింది. ఇనుము తుప్పు పడితే మునుపటికి రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు నొక్కే బలాన్ని బాగా తట్టుకుంటుంది గానీ లోపలి నుంచి చీల్చే బలాన్ని ఆపలేదు. పెచ్చులు రాలడానికి కారణం ఇదే. ఈ ఏటి 17లో దాదాపు 5 చువ్వలు శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పెచ్చులు పూడ్చడానికే అయింది. మరక కనిపించిన ఏడే పొర మార్చి ఉంటే ఈ 5 ఖర్చయ్యేది కాదు.

పైవారి స్నానాల గదికీ కిందివారి పైకప్పుకూ మధ్య తగవులు ఈ ఏడు మూడు వచ్చాయి. ఒకటి మాత్రం చెప్పుకోదగ్గది. రెండు కుటుంబాలూ మూడు నెలలు మాటల్లేకుండా ఉన్నాయి. చివరికి పై స్నానాల గదిలో రంగు కలిపిన నీళ్ళు పోయించి రెండు రోజులు చూశాం. కింద మరక పెరిగింది, రంగు మాత్రం దిగలేదు. గోడ వెనక నిలువుగా దిగే వాన గొట్టానికి అతుకు విడిపోయిందని తేలింది. నిలువు గొట్టం ఉమ్మడి ఆస్తి కాబట్టి ఖర్చు సంఘానిదే. ఇంటి లోపల అడ్డంగా పోయే గొట్టాలు ఆ ఇంటివారివి. ఈ సరిహద్దు మన నియమావళిలో ముందునుంచీ ఉన్నదే. దాన్ని తెరిచి చూడకుండా తీర్పులు చెప్పినవారిలో కమిటీ సభ్యులమూ ఉన్నాం.

పంపుల కరెంటు ఎందుకు పెరిగిందో కనిపెట్టడానికి చేసిన పని చాలా తేలిక. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు, ఎవరూ పెద్దగా నీరు వాడని వేళ, పై ట్యాంకు మట్టం గంటగంటకూ రాయించాం. రాత్రంతా మట్టం దిగుతూనే ఉంది. ఇళ్ళలోని ఫ్లష్ ట్యాంకుల్లో రంగు వేసి చూస్తే తొమ్మిది ఇళ్ళలో రంగు చప్పుడు లేకుండా కింది గిన్నెలోకి జారుతోంది. సెకనుకు ఒక్క బొట్టు కారే కుళాయే ఏడాదికి పదకొండు వేల లీటర్లకు పైగా పారబోస్తుంది. ఫ్లష్ ట్యాంకు కారితే నష్టం అంతకు ఎన్నో రెట్లు. వాషర్లు, కవాటాలు సంఘం డబ్బుతోనే మార్పించాం. ఇళ్ళ లోపలి పనికి ఉమ్మడి సొమ్ము వాడటం నియమం ప్రకారం తప్పే, అభ్యంతరం చెప్పినవారిది న్యాయం. అయితే కారే నీటిని పైకెక్కించే కరెంటు బిల్లు అందరిదీ. తొమ్మిది ఇళ్ళవారితో వాదించే లోపు ఆ బిల్లు ఇంకా పెరిగేది. సమావేశం ఒప్పుకోకపోతే ఆ మొత్తం ఆయా ఇళ్ళ ఖాతాల్లో రాస్తాం.

లిఫ్టుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. విడిభాగాలు కలిసిన ఒప్పందానికి మారాం. మరమ్మతు పిలుపుల్లో ఎక్కువభాగం తలుపు గాడిలో చెత్త ఇరుక్కోవడం వల్లే వచ్చాయి. ఇప్పుడు గాడిని రోజూ ఊడుస్తున్నారు.

బకాయిల విషయంలో ఎవరి పేరూ బోర్డు మీద పెట్టలేదు. విడివిడిగా లేఖలు రాశాం, అడిగినవారికి వాయిదాలు ఇచ్చాం, ఆలస్య రుసుము మాత్రం ఎవరికీ మాఫీ చేయలేదు. బకాయిదారుల్లో కమిటీ సభ్యుడు ఒకరున్నారు. ముందు ఆయన చేత కట్టించి, రశీదు చేతికొచ్చాకే మిగతా లేఖలు పంపాం. ఇంకా రావలసింది, ఏటి వసూలును 100 అనుకుంటే, 3 ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ విమర్శ వచ్చింది రిజర్వు నిధికి మళ్ళించిన 10 మీద. పగుళ్ళు కనిపించినప్పుడే వసూలు చేయవచ్చు కదా అన్నారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన పన్నెండంతస్తుల నివాస భవనం 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక పాక్షికంగా కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను చుట్టూ ఉన్న చదును శ్లాబులో నీటి నిరోధక పొర విఫలమైందని, దాని కింది కాంక్రీటు దెబ్బతిందని ఇంజనీరు 2018లోనే రాసిచ్చారు. ఆ శ్లాబుకు డిజైనులోనే బలం చాలలేదని తరువాత దర్యాప్తు చేసినవారు చెప్పారు. పొర ఒక్కటే కారణం అనలేం. కానీ నిధిలో తగినంత డబ్బు లేదు, ఎవరు ఎంత కట్టాలన్న చర్చ సాగుతూ పోయింది, సుమారు 1.5 కోట్ల డాలర్ల ప్రత్యేక వసూలుకు ఒప్పందం కుదిరేసరికి 2021 వచ్చేసింది. మరుసటి ఏడు ఆ రాష్ట్రం నిర్మాణ పరీక్షలూ, నిధి లెక్కలూ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

మన భవనం దానితో పోల్చదగింది కాదు, భయపెట్టడం మా ఉద్దేశమూ కాదు. లెక్క మాత్రం అదే లెక్క. ఇరవై ఏళ్ళు నడిచే లిఫ్టుకు పన్నెండేళ్ళు గడిచాయంటే, దాని మార్పిడి ఖర్చులో అరవై శాతం ఈపాటికి నిధిలో ఉండాలి. పంపులు, పైకప్పు, వైరింగు, బయటి గోడల రంగు, అన్నిటికీ ఇలాగే వేసి కలిపితే, నిధిలో ఉండవలసిన మొత్తంలో ఇవాళ 23 శాతమే ఉంది. ఏటి వసూలు 100లో ఏటా 10 వేస్తే లోటు నెమ్మదిగా తగ్గుతుంది. 14 వేయాలని మా అభిప్రాయం. దానికి నెల రుసుము పెంచాలి. ఈసారి మెప్పు రాదని తెలిసే ఈ ప్రతిపాదన పెడుతున్నాం.

తిరస్కరించిన బిల్లు ఒకటి ఉంది. మెట్ల రంగు పనికి కొలతలు లేకుండా వచ్చిన బిల్లును రెండుసార్లు వెనక్కి పంపాం. అది ఖర్చులో చేరలేదు.

ఇక మిగిలిన 4. పైకప్పు కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన మొత్తంలో పదోవంతు ఆపి ఉంచాం. అది దాదాపు 2. అంటే అసలు మిగులు 2 మాత్రమే. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు పై అంతస్తు వారితోనూ కాంట్రాక్టరుతోనూ కలిసి శ్లాబు కింది భాగమంతా చూస్తాం. పొడిగా ఉంటే ఆ 2 చెల్లిస్తాం. ఓచర్లు, కొటేషన్లు, మీటరు రీడింగుల పుస్తకం నెలాఖరు వరకు ఆదివారాల్లో కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చు.

కోశాధికారి, నిర్వహణ కమిటీ తరఫున