మా భోజనశాలలో వడ్డన ఎందుకు మారింది

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా భోజనశాలలో ఈ నెల మొదటి తేదీ నుంచి వడ్డించే తీరు మారిన సంగతి మీరు గమనించే ఉంటారు. అన్నం వేసే హస్తం చిన్నదైంది, కూరలు అడిగాకే వేస్తున్నాం, మధ్యాహ్నం రెండున్నర దాటితే ఒకటి రెండు కూరలు అయిపోతున్నాయి. ధర అలాగే ఉంచి కొలత తగ్గించారా అని కొందరు నేరుగానే అడిగారు. అంత సూటిగా అడిగినవారికి కౌంటర్ దగ్గర రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపడం సరికాదనిపించి, జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మొన్న వేసవిలో ఒక రాత్రి చెత్త బండి రాకపోవడంతో డ్రమ్ములు వెనుక సందులోనే ఉండిపోయాయి. తెల్లవారి మూత తీసి చూస్తే, పైన ఆకులతో పాటు వేలు పెట్టని బెండకాయ వేపుడు, నెయ్యి కలిపిన పప్పన్నం ముద్దలు ఉన్నాయి. వాటి కింద ఉన్న అన్నం మాత్రం గుండిగలోంచి బోర్లించినట్టుగా, గుండిగ అడుగు ఆకారంలోనే గట్టిపడి ఉంది. అది ఏ ఆకులోనూ వడ్డించినది కాదు, మేము వండి మేమే పారబోసినది.

అప్పటిదాకా వృథా అంటే తినేవాళ్లు వదిలేసేదేనని నేను నమ్మాను, మా పనివాళ్లతోనూ అలాగే అన్నాను. ఆ మరునాటి నుంచి వంటగదిలో మిగిలినదాన్ని ఒక డ్రమ్ములో, ఆకుల్లో మిగిలినదాన్ని మరొక డ్రమ్ములో వేయించి, నాలుగు వారాలపాటు రోజూ రాత్రి కాటా వేశాను. సగటున రోజుకు 31 కిలోలు తేలితే, అందులో 18 కిలోలు వంటగదివే. వచ్చిన మనిషికి అన్నం లేదని చెప్పాల్సి వస్తుందేమోనన్న భయంతో పదకొండున్నరకే మధ్యాహ్నానికంతా వండేయడం, వాన పడినా, కోచింగ్ పిల్లలు పండక్కి ఊళ్లకు వెళ్లినా అదే కొలత వేయడం నా అలవాటు. ఆకుల్లో మిగిలినదాంట్లో కూడా ఎక్కువ భాగం, బయట వరుస పెరుగుతోందన్న తొందరలో మావాళ్లు అడగకుండా వేసినదే. కాబట్టి ఆ లెక్కలోనూ మీ తప్పు తక్కువ.

పారేసిన అన్నం ఎక్కడికి పోతుందో మనకు తెలియనిది కాదు. నగరపు చెత్త జవహర్‌నగర్‌కు చేరుతుంది, అక్కడి చెత్త గుట్టల నుంచి కారిన మురుగు నీటితో మల్కారం చెరువు ఎంత పాడైందో ఆ చుట్టుపక్కల ఊళ్లవారిని అడిగితే చెబుతారు. తడి చెత్త గుట్ట అడుగున గాలి ఆడక కుళ్లితే మీథేన్ అనే వాయువు పుడుతుంది, నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. నీరు నిలిపిన వరి మడి నుంచి కూడా మీథేన్ వస్తుంది కనుక, పారేసిన అన్నం పండినప్పుడొకసారి, కుళ్లినప్పుడొకసారి ఆ భారం మోపుతోంది. కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున 2500 లీటర్ల దాకా నీరు పడుతుందని అంచనా, మన యాసంగి వరిలో చాలావరకు ఆ నీటిని బోర్లే తోడాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో ఇళ్ల వాటా 60 శాతం అయితే, మాలాంటి హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం.

మిగిలింది పేదలకు పంచవచ్చు కదా అని చాలామంది అంటారు. వేడిగా ఉన్నదైతే పంచుతున్నాం కూడా. కానీ మధ్యాహ్నం నాలుగు గంటలకు మిగిలిన అన్నం ఎండాకాలంలో ఎవరి చేతిలోనైనా పెట్టాలంటే నాకు భయం, మా ఇంట్లో పిల్లలకు పెట్టనిది ఇంకొకరికి పెట్టలేను. అందుకే మిగలకుండా వండడమే మేలనుకున్నాను.

ఇప్పుడు టోకెన్ల లెక్క చూసుకుంటూ అన్నాన్ని మూడు విడతలుగా వారుస్తున్నాం. మారు వడ్డన మునుపటిలాగే ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఉంటుంది, దానికి అదనపు డబ్బు లేదు. దీనివల్ల మాకు డబ్బు మిగులుతున్న మాట నిజమే. కొంత చిన్న గుండిగలకు, రెండో పొయ్యికి ఖర్చయింది, తక్కినదాని బలంతో సంక్రాంతి దాకా మీల్స్ ధర పెంచకుండా ఉండగలను. రెండో ఆదివారం మా అంచనా తప్పి, పదిహేను మంది దాకా అన్నం కోసం ఇరవై నిమిషాలు కూర్చోవాల్సి వచ్చింది, కొందరు లేచి వెళ్లిపోయారు. వారందరినీ క్షమించమని కోరుతున్నాను.

పది మందికి మించి వచ్చేటట్లయితే ఉదయం పదింటిలోపు ఒక్క ఫోన్ చేయండి. వద్దన్న కూర వేయబోతే మొహమాటపడకుండా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి, మావాళ్లు ఏమీ అనుకోరు.

నిన్న రాత్రి కాటా 14 కిలోలు చూపింది, వంటగదిది 6. అందులో సగానికి పైగా సాంబారే, దాని అంచనా నాకు ఇంకా కుదరడం లేదు.