బాలి హిందువులకు దక్కిన గుర్తింపు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. తరతరాలుగా గుళ్ళు కట్టుకుని, పూజలూ తిథులూ తప్పకుండా జరుపుకుంటున్న బాలి ద్వీపపు ప్రజలకు మతం ఉన్నదని ఇండొనేషియా ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకోవలసిన అవసరం ఏమొచ్చిందని అడిగావు. ఈ విషయం చాలాకాలంగా నా మనసులో మెదులుతున్నదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండొనేషియా మరునాడే తన రాజ్యాంగాన్ని ఆమోదించింది. ముస్లింలు షరియాను పాటించాలని చెప్పే మాటలు ముసాయిదాలో ఉండగా, ఆ రోజునే వాటిని తొలగించి, ఏకైక సర్వేశ్వరునిపై విశ్వాసం అన్న సూత్రాన్ని, ఆ దేశపు అయిదు మూల సూత్రాలైన పంచశీలలో మొదటిదిగా నిలిపారు. అందువల్ల ఆ దేశం ఇస్లామిక్ రాజ్యం కాలేదు గాని, మతం ఊసెత్తని రాజ్యమూ కాలేదు. 1946 జనవరిలో మత వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏర్పడింది. దేనిని మతంగా లెక్కించాలో తేల్చే అధికారం క్రమంగా ఆ శాఖ చేతికి రావడంతోనే బాలి వారికి చిక్కు మొదలైంది.

శాఖ పెట్టుకున్న కొలతలు ఇస్లాం, క్రైస్తవం వంటి మతాలను చూసి తయారైనవి. ఒకే దేవుడు ఉండాలి, ఒక ప్రవక్త ఉండాలి, ఒక పవిత్ర గ్రంథం ఉండాలి, దేశం వెలుపల కూడా దానికి మతంగా పేరుండాలి. ఊరూరికీ వేరువేరు ఆచారాలు, పితృదేవతలకు పూజలు, తాళపత్రాలలో నిక్షిప్తమైన మంత్రాలు, పూజారి ఇచ్చే తీర్థం, ఇవన్నీ కలిసిన బాలి జీవనం ఆ కొలతలకు అందలేదు. ఫలితంగా ఆ ప్రజలందరూ 'ఇంకా మతం లేని వారు' అన్న లెక్కలో పడ్డారు. మతం లేని వారంటే, ఏదో ఒక మతంలోకి చేర్చదగిన వారని అర్థం. అంత నిండైన భక్తితో బతికే జనాన్ని ఒక ప్రభుత్వ కార్యాలయం అలా లెక్కగట్టిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

బాలి పెద్దలు కూడా తమలో తాము చాలా తర్జనభర్జన పడ్డారు. తమ మతాన్ని ఏ పేరుతో పిలవాలన్న విషయంలోనే ఏకాభిప్రాయం కుదరడానికి ఏళ్ళు పట్టింది. ఆ కాలంలోనే భారతదేశం నుంచి వెళ్ళి బాలిలో స్థిరపడిన నరేంద్రదేవ్ పండిట్ శాస్త్రి అక్కడివారి కోసం మత గ్రంథాలు రాశారు. బాలి యువకులు కొందరు చదువు కోసం మన దేశానికి వచ్చారు. వారిలో శాంతినికేతన్‌లో చదివిన ఇడా బాగుస్ మంత్ర తరువాతి కాలంలో బాలి గవర్నర్ కూడా అయ్యారు. 1958 జూన్‌లో బాలిలోని మత సంస్థలు ఏకమై ప్రభుత్వానికి విన్నపం సమర్పించాయి, వారి ప్రతినిధులు అధ్యక్షుడు సుకర్ణోను స్వయంగా కలిశారు. సుకర్ణో తల్లి బాలి స్త్రీ, ఆ సంగతి వారికి ఎంతో కొంత ధైర్యం ఇచ్చి ఉంటుందని నా ఊహ. 1959 జనవరి నుంచి మంత్రిత్వ శాఖలో హిందూ బాలి విభాగం పనిచేయడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి 23న పరిషద ధర్మ హిందూ బాలి అనే సంస్థ ఏర్పడింది. 1964లో ఆ సంస్థ పేరులోంచి బాలి అన్న మాట తీసివేయడంతో, అది ఒక ద్వీపానికి కాక దేశమంతటా ఉన్న హిందువులకు ప్రతినిధి అయింది. 1965లో అధ్యక్షుని ఉత్తర్వు ఇస్లాం, ప్రొటెస్టెంట్, క్యాథలిక్, హిందూ, బౌద్ధ, కన్ఫ్యూషియస్ మతాలను పేరు పేరునా చెప్పింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, ఈ గుర్తింపు కోసం వారు తమ మతాన్ని చెప్పుకునే తీరును మార్చుకోవడం. అనేక దేవతలను కొలిచే వారు, ఆ దేవతలందరూ సంగ్ హ్యాంగ్ విధి వస అనే ఒకే పరమేశ్వరుని రూపాలని ప్రకటించారు. బ్రహ్మం, ఆత్మ, కర్మఫలం, పునర్జన్మ, మోక్షం అనే అయిదు విశ్వాసాలను పంచశ్రద్ధగా కూర్చి పిల్లలకు బడిలో నేర్పారు. గాయత్రితో మొదలయ్యే త్రిసంధ్య ప్రార్థనను రోజుకు మూడు పూటలా చేయడం అలవాటు చేశారు. ఇదంతా ప్రభుత్వం కోసం వేసిన వేషం అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను, ఎందుకంటే ఆ పిల్లలు ఇప్పుడు దానిని తమదిగానే భావిస్తున్నారు, పాత ఆచారాలు కూడా పక్కనే బతికి ఉన్నాయి. అయితే ఈ మార్పు వారంతట వారు కోరుకున్నది మాత్రమే అనడం కూడా సత్యం కాదు.

గుర్తింపు వల్ల వచ్చిన మేలు చిన్నది కాదు. శక నూతన సంవత్సరమైన న్యెపి 1983 నుంచి దేశమంతటికీ సెలవు దినం. ఆ రోజు బాలిలో నిప్పు వెలిగించరు, పని చేయరు, ప్రయాణించరు, వినోదాల జోలికి పోరు. విమానాశ్రయం కూడా ఇరవై నాలుగు గంటలు మూతపడుతుంది. నీకు ఒక సంగతి చెప్పాలి. 2023 మార్చి 22న మన ఉగాదీ, వారి న్యెపీ ఒకే రోజున వచ్చాయి, రెండు చోట్లా మొదలైనది శక సంవత్సరం 1945. అన్ని ఏళ్ళలోనూ అలా కలవదు గాని, అంత దూరాన అదే లెక్కతో ఏడాదిని ఎంచేవారు ఉన్నారని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం వేసింది.

ఆ 1965 ఉత్తర్వులోని మతాల జాబితాలో చోటు దక్కనివారి బతుకు చాలా కష్టంగా గడిచింది. 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చెల్లాలంటే అది ఒక మతం పద్ధతిలో జరగాలి, కాబట్టి గుర్తింపు లేని విశ్వాసం ఉన్నవారికి పెళ్ళి నమోదు నుంచి బిడ్డ జనన ధ్రువపత్రం దాకా ప్రతిదీ ఇబ్బందే అయింది. బోర్నియో ద్వీపంలోని కాలిమంతాన్ ప్రాంతపు దయాక్ ప్రజల స్థానిక విశ్వాసమైన కహారింగాన్ 1980లో హిందూ మతంలో ఒక శాఖగా చేరింది. ఒకప్పుడు బాలి వారిని మతం లేనివారని తోసిపుచ్చిన ఆ గుమ్మం దగ్గరే ఇప్పుడు మరొకరు బాలి వారి పేరుతో లోపలికి రావలసి వచ్చింది. కన్ఫ్యూషియస్ మతస్థులైతే సుకర్ణో తరువాతి అధ్యక్షుడు సుహార్తో పాలనలో, తమకున్న గుర్తింపునే పోగొట్టుకున్నారు, అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ 2000లో పాత ఆంక్షలను ఎత్తివేసేవరకు వారికి ఊరట లేదు.

2017 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు నాకు ఆశ కలిగించింది. సుంబా ద్వీపపు మరాపు, బతక్ ప్రజల పర్మాలిమ్ వంటి స్థానిక విశ్వాసాల వారు గుర్తింపు కార్డులో మతం గడిని ఖాళీగా వదిలివేయవలసి రావడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. వారికి వేరే గడి ఏర్పాటైంది గాని, ఆరు మతాలతో సమానమైన స్థానం ఇంకా రాలేదు. బాలి వారి పోరాటాన్ని గౌరవించే వారెవరైనా మరాపు వారి పక్షాన కూడా నిలబడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పొరుగు దేశాలలో మైనారిటీ మతాల స్థితిగతుల మీద నువ్వు చాలా చదివావు కదా, ఈ విషయంలో నీ ఆలోచన ఏమిటో తప్పక రాయి. అమ్మగారికి నా నమస్కారాలు తెలియజేయి.

నీ మిత్రుడు