ఆర్కిడ్‌కు మట్టి వద్దని ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో మిద్దె తోటల మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. గులాబీ, మందారం, తీగ కూరగాయలు, అన్నీ చక్కగా రాశారు. ఆర్కిడ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం, అవి చల్లటి ప్రాంతాల మొక్కలు, కోస్తా ఎండలకు నిలవవు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను నెల్లూరు వేదాయపాళెంలో తొమ్మిదేళ్లుగా ఆర్కిడ్లు పెంచుతున్నాను, ఈ రోజుకు మా మిద్దె మీద నలభై కుండీల దాకా ఉన్నాయి. మన ఊళ్లలో ఇవి ఎందుకు చచ్చిపోతున్నాయో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా మొదటి మొక్కను నేనే చంపుకున్నాను.

అది ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం. ఊదా రంగు పూలు, సీతాకోకచిలుకలు వరసగా వాలినట్టు ఉంటాయి. వ్యాన్‌లో మొక్కలు తెచ్చి అమ్మే ఆయన దగ్గర 650 రూపాయలకు కొన్నాను. రోజూ నీళ్లు పోస్తే చాలమ్మా అన్నాడు. ఇంటికి తెచ్చి మంచి కుండీలో ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు కలిపి నాటి పొద్దున, సాయంత్రం నీళ్లు పోశాను. నెల తిరక్కముందే ఆకులు మెత్తబడి వేలాడిపోయాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకో చెంబు పోశాను! చివరికి పీకి చూస్తే వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి, ఒక వేరును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పైతొక్క మొత్తం ఊడి చేతిలోకొచ్చి లోపల సన్నటి దారం లాంటిది మాత్రం మిగిలింది. మట్టిలో వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోయాయని అప్పుడు అర్థమైంది. ఆ సంగతి అమ్మేటప్పుడే చెప్పి ఉంటే మొక్క బతికేది.

మనం ఇళ్లలో పెంచే ఆర్కిడ్లు చాలావరకు చెట్ల మీద పెరిగే జాతులు. దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. రాపూరు వైపు మా అమ్మగారి ఊళ్లో మామిడి చెట్టు కొమ్మకు ఒకటి అంటుకుని ఉండేది, బద్దల్లాంటి దట్టమైన ఆకులు, గోధుమ రంగు గళ్ల పూలు. చెట్టు రసం పీల్చేస్తోంది, బదనిక, కొట్టేయండి అనేవాళ్లు పెద్దవాళ్లు. అది వాండా టెసలేటా అనే మన దేశపు ఆర్కిడ్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బదనిక చెట్టులోకి వేళ్లు దించి తింటుంది, ఆర్కిడ్ అట్లా కాదు, కొమ్మను పట్టుకుని నిలబడుతుంది అంతే. వానకు తడిసి, గాలికి ఆరి, బెరడు మీద చేరిన చెత్తా చెదారంలోంచి కాస్త బలం తీసుకుంటుంది. ఆ వేరు మీద స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండి రంగులో తెల్లగా ఉండే వేరు, నీళ్లు చల్లిన రెండు నిమిషాల్లో మీ కళ్లముందే పచ్చగా మారుతుంది. నాకు ఇప్పటికీ అది చూడడం ఇష్టం. నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పేది కూడా ఆ రంగే, వేరు తెల్లబడితే పోయండి, పచ్చగా ఉంటే ఊరుకోండి.

ఇక కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ఏది కొనాలి? మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అయితే ముందు డెండ్రోబియం కొనండి. చిన్న చెరకు గడల్లాంటి కాండాలుంటాయి, వాటిలో నీళ్లు, బలం దాచుకుంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు మరిచిపోయినా తట్టుకుంటుంది. వేడికి అలవాటు పడుతుంది, పూలు నెల పైనే నిలుస్తాయి. అది ఒక ఏడాది బతికించాక ఫెలనాప్సిస్ తెచ్చుకోండి. దాని పూలు రెండు మూడు నెలలుంటాయి గానీ నీడ ఎక్కువ కావాలి, మొవ్వులో నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. వాండాకు కుండీయే అక్కర్లేదు, వేళ్లు గాల్లో వేలాడాలి, ఎండాకాలంలో రోజుకు రెండు మూడు సార్లు తడిపే ఓపిక ఉన్నవాళ్లకే అది. సింబిడియం ఎవరైనా అంటగడితే వద్దనండి. అమ్మే రకాల్లో చాలావాటికి రాత్రిళ్లు బాగా చల్లబడాలి, సిక్కిం, డార్జిలింగ్ కొండల వాతావరణం మన దగ్గర ఎక్కడిది. మీ వ్యాసంలో అన్న మాట అలాంటి రకాలకే సరిపోతుంది.

కొనేటప్పుడు పూలు చూసి మురిసిపోకుండా వేళ్లు చూడండి, గట్టిగా ఉండాలి. మొక్కను కొంచెం కదిపితే కుండీలో ఊగిపోకూడదు. అన్నీ విచ్చిన పూల కన్నా మొగ్గలు మిగిలి ఉన్నది తీసుకుంటే ఎక్కువ రోజులు చూసుకోవచ్చు. నిక్కమైన నీలం రంగు ఫెలనాప్సిస్ కనిపిస్తే, అది దాదాపు ఎప్పుడూ తెల్ల పువ్వు మొక్కకు రంగు ఎక్కించిందే, మళ్లీ పూసేటప్పుడు తెల్లగానే పూస్తుంది. మా పక్కింటి అమ్మాయి పుట్టినరోజుకు మురిపెంగా కొనుక్కుని, తర్వాతి పూత చూసి ఏడ్చినంత పని చేసింది.

ఆర్కిడ్ విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు అమ్ముతున్నారు, దయచేసి కొనకండి. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం సాయం దొరికితేనే మొలుస్తుంది. శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాక, సీసాల్లో, ల్యాబుల్లో పెంచడం మొదలైంది. అట్లా మొలిచినదీ పూయడానికి ఏళ్లు పడుతుంది. కుండీలో చల్లితే మొలిచేది కాదది.

నాటడానికి మట్టి అసలే వద్దు. పక్కలకు కూడా బెజ్జాలున్న కుండీ తీసుకుని ఇస్త్రీ వాళ్లు వాడే కట్టె బొగ్గు, పెంకు ముక్కలు వేయండి, బొగ్గు ముక్క బొటనవేలంత ఉంటే చాలు. కొబ్బరి డొక్క ముక్కలు కొన్ని కలపొచ్చు, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టాకే. మన అక్టోబరు, నవంబరు ముసుర్లలో డొక్క ఆరదు కాబట్టి నేను బొగ్గే ఎక్కువ వేస్తాను. కొబ్బరి పొట్టు మాత్రం వద్దు, అది కూడా మట్టిలాగే ముద్దయిపోతుంది. డెండ్రోబియంకు 50 శాతం షేడ్ నెట్ చాలు, రోహిణి కార్తెలో మాత్రం ఇంకో పొర వేస్తాను, నేల మీద నీళ్లు చల్లి గాలిలో తేమ ఉంచుతాను. ఆకు ముదురాకుపచ్చగా ఉండి పూయకపోతే వెలుతురు చాల్లేదని, ఎర్రబారితే ఎక్కువైందని.

మన దగ్గర అసలు సమస్య నీళ్లు. సముద్రం వైపు మండలాల్లోనే కాదు, మా వీధి బోరు నీళ్లలో కూడా టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 900 దాటింది. ఆర్కిడ్లకు 200 లోపు ఉంటే మంచిది. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే, ఆకు కొసలు మాడుతున్నాయంటే అది ఉప్పు పనే. నేను వాన నీళ్లు డ్రమ్ముల్లో మూతపెట్టి ఉంచుతాను, అవి అయిపోతే ఏసీ నుంచి కారే నీళ్లు పడతాను. ఆర్వో నీళ్లు వాడొచ్చు, కానీ ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఎరువంటారా, రైతులు కొనే 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు చాలు, లీటరుకు అర గ్రాము నుంచి గ్రాము లోపు, వారానికోసారి, వేళ్లు తడిపిన తర్వాతే. పేడ, యూరియా వద్దు. ఇంకొకటి, డెండ్రోబియం పూలు రాలాక ఆకులూడిన గడను ఎండిపోయిందనుకుని కోసేస్తారు. కోయకండి. పచ్చగా ఉన్నంతకాలం అది కొత్త పిలకకు తిండి పెడుతూనే ఉంటుంది.

సంపాదకులకు నా మనవి రెండే. ఆర్కిడ్లు కోస్తాకు పనికిరావన్న మాటను సరిదిద్దండి, ముసుర్లు మొదలవకముందే మన వాతావరణానికి తగ్గట్టు ఒక వ్యాసం వేయండి. రాసేవాళ్లు దొరక్కపోతే నా నలభై కుండీలూ చూపించి తెలిసినదంతా చెబుతాను. నర్సరీల వాళ్లు, కడియం నుంచి మొక్కలు తెచ్చి మన వీధుల్లో అమ్మేవాళ్లు కూడా ఇది చదివితే, ఒక్కో కుండీకి ఒక చీటీ కట్టి అమ్మండి. ఆ చీటీ మీద మొక్క పేరు, దాని కింద "మట్టిలో నాటవద్దు" అన్న మాట ఉంటే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వేదాయపాళెం, నెల్లూరు.